నిమ్మకాయ ల్యాప్‌టాప్ బయటే ఉంది

సర్వీస్ సెంటర్లలో పనిచేసే కుర్రవాళ్ళు నన్ను ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతారు. "సార్, మీ చేతికి వచ్చినవాటిలో అన్నిటికంటే మొండి మిషన్ ఏది?" బావిలో పడిందో, ట్రాక్టరు కింద నలిగిందో చెబుతానని వాళ్ళ ఆశ. నేను ఏ జబ్బూ లేని ఒక ల్యాప్‌టాప్ గురించి చెబుతాను. జబ్బున్నదాన్ని ఎలాగో ఒకలా దారికి తెచ్చుకోవచ్చు. ఏ జబ్బూ లేనిదాన్ని బాగుచేయడం ఎంత కష్టమో నాకు తెలిసినట్టు మీకెవరికీ తెలియకూడదనే ఇది రాస్తున్నాను.

రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్లకు వచ్చినవాణ్ణి నేను. చివరి ఉద్యోగం ఆదోనిలో, ఒక ల్యాప్‌టాప్ కంపెనీ పేరు మీద మా యజమాని నడిపించే సర్వీస్ సెంటర్లో. మార్కెట్ యార్డుకు పోయే దారిలో, మేడ మీద రెండు గదులు. కింద పత్తి లారీలు, పైన మేము. మా ఊళ్ళో ఏ ల్యాప్‌టాప్ విప్పినా ఫ్యాన్‌లో దూది ఉంటుంది. సీజన్‌లో అయితే ఒక్కోదాంట్లో దీపం వత్తులకు సరిపోయేంత దొరికేది.

కంపెనీకి పనిచేసేవాళ్ళమే గానీ కంపెనీ మనిషిని మేమెవ్వరం చూసి ఎరగం. కంపెనీ అంటే మాకు ఫోన్‌లో గొంతు. ఆ గొంతులతో మాట్లాడే పని మా కౌంటర్లో కూర్చునే ఆవిడది. ఆవిడ ఎంత కోపం వచ్చినా గొంతు పెంచదు. కోపం ముదిరేకొద్దీ మాటకు ముందొక 'సార్', వెనకొక 'సార్' చేరుతాయి. "సార్, సెప్పండి సార్, ఇంటాండా సార్" అన్నదంటే అవతలివాడికి ఆ పూట అన్నం సహించదు.

ఒక పెళ్ళిళ్ళ సీజన్‌కు ముందు ఎమ్మిగనూరు నుంచి ఒకామె వచ్చింది. నడివయసు మనిషి. ల్యాప్‌టాప్ సంచిని కౌంటర్ మీద పసిపిల్లను దించినట్టు దించి, "సచ్చిపోయిందన్నా" అంది.

ఆమెను వాళ్ళ ఊళ్ళో కార్డుల ఆపా, అంటే కార్డుల అక్క, అంటారు. హిందువులు, ముస్లిములు అందరూ అలాగే పిలుస్తారు. పెళ్ళికార్డులు తయారుచేస్తుంది. తెలుగు, ఉర్దూ, కన్నడ మూడు భాషల్లోనూ ఆమే టైపు చేసి, బొమ్మలు అమర్చి, ప్రెస్‌కు పంపుతుంది. సరిహద్దు పల్లెల్లో ఒక కార్డులో రెండు భాషలు ఉండాల్సిన సంబంధాలు చాలా కుదురుతుంటాయి. వాళ్ళందరికీ ఈమే దిక్కు.

నేను సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, బటన్ నొక్కాను. పాట పాడుతూ వెలిగింది.

"యా అల్లా!" అని ఆపా నోటిమీద చేయి వేసుకుంది. "ఆడ పొద్దుటినుంచి నొక్కితే రాలేదన్నా. నీ చేతిలో ఏముందో!"

ఆ మాట మీద నేను నాలుగైదు రోజులు సంతోషంగా బతికాను. తరువాత ఆమె మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెలిగింది. ఈసారి ఆమె నా చేతిని మెచ్చుకోలేదు. "నీ చేయి మా ఊరికి రాదా అన్నా? ఈడ ఉంటే సక్కగుంటుంది, ఎమ్మిగనూరుకు పోతే సస్తుంది" అంది.

వారంటీ ఉంది కాబట్టి కంపెనీకి రాశాం. ఛార్జర్ పంపారు, మార్చాను. బ్యాటరీ పంపారు, మార్చాను. చివరికి మదర్‌బోర్డే మార్చాను. ప్రతిసారీ ఆదోనిలో బంగారంలా పనిచేసేది. ఎమ్మిగనూరులో ఆమె టేబుల్ మీదికి చేరగానే తెర నల్లబడేది. ఆపా విసిగి, మాతో పెట్టుకోకుండా నేరుగా కంపెనీకి ఫోన్ చేసింది. ఆ సంభాషణ ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో, నాకు కంఠతా వచ్చేసింది.

"మేడమ్, ల్యాప్‌టాప్ ఆన్ చేసి, మా పరీక్ష ప్రోగ్రామ్ నడపండి. చివర్లో ఒక కోడ్ వస్తుంది. అది చెప్పండి."

"అది ఆన్ అయితే నీకు ఫోన్ ఎందుకు చేస్తా నాయనా?"

"ఆన్ కాకపోతే కోడ్ రాదు మేడమ్. కోడ్ రాకపోతే సమస్య ఉన్నట్టు మా దగ్గర కనపడదు."

"నాకు కనపడతాంది కదప్పా!"

"మీకు కనపడేది మా సిస్టమ్‌లో కనపడదు మేడమ్. ఆన్ చేసి మళ్ళీ ఫోన్ చేయండి."

ఈలోగా సీజన్ వచ్చి మీద పడింది. పనిపోకూడదని ఆపా ఒక కార్డును ఫోన్‌లోనే టైపు చేసి ప్రెస్‌కు పంపింది. ఫోన్ తనకు తోచినట్టు ఒక మాట దిద్దింది. 'వివాహ విందు' అని ఉండాల్సినచోట 'వివాహ వింత' అని అచ్చయింది. ఆ వింతేమిటో చూద్దామని పిలవనివాళ్ళు కూడా వచ్చారట. అన్నం చాలలేదు. పెళ్ళివాళ్ళు పెళ్ళైన మరునాడే వచ్చి ఆపా గుమ్మం ముందు నిలబడి, వీధంతా వినేలా నిలదీసిపోయారు.

"పెండ్లి ఆగదన్నా" అంది ఆపా, మళ్ళీ ఆదోనికి వచ్చి మా కౌంటర్ ముందు నిలబడి. "నేనే ఆగిపోతా. ఇంగొక కార్డు ఇట్లయితే ఈ ఊర్లో నన్నెవరూ నమ్మరు." అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన మనిషి కళ్ళు తుడుచుకుంటే, ఇక కూర్చోలేక బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళాను.

మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందులో వాళ్ళిల్లు. గుమ్మం పక్కన అరుగు మీద తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. హొళగుంద వైపు పల్లె రైతు. కొడుకు పెళ్ళి. పెళ్ళికూతురివాళ్ళది కర్ణాటక. సగం తెలుగు, సగం కన్నడ కార్డు. పెద్దకొడుకు పెళ్ళి కార్డు ఆపానే వేసింది, ఆ కాపురం చల్లగా ఉంది, కాబట్టి రెండోవాడిదీ ఆమే వేయాలి. సంతకు వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చుని అడిగిపోతాడు.

"ఏనప్పా సారూ, దానికి పానం వస్తాదా?" అన్నాడు నన్ను చూసి.

"వస్తుంది పెద్దాయనా."

"రానీ, రానీ. నేను ఈడనే ఉంటా."

లోపల టేబుల్ మీద, పువ్వులు కుట్టిన గుడ్డ పరిచిన ఎత్తు మీద ల్యాప్‌టాప్ ఉంది. మెడనొప్పికి డాక్టరు తెర ఎత్తులో పెట్టుకోమన్నాడట, పెట్టుకుంది. బటన్ నొక్కాను. రాలేదు. ఆమె చెప్పింది నా కళ్ళతో చూడటం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. ఒళ్ళో పెట్టుకుని విప్పుదామని తీసుకున్నాను. ఒళ్ళోకి రాగానే వెలిగింది. టేబుల్ మీద పెట్టాను. పోయింది. ఆ ఇంటి కరెంటు వైర్లన్నీ పరీక్షించాను. ప్లగ్గు మార్చాను. ఎర్తింగ్ చూడటానికి పెరట్లో గుంత తవ్వాను. ఆ గుంతలో తరువాత ఆపా కరివేపాకు మొక్క నాటింది, అంతకుమించి ఫలితం లేదు.

ఆపా భర్త ఆటో నడుపుతాడు. నెమ్మది మనిషి, అవసరమైతే తప్ప మాట్లాడడు. నేను పెరట్లో ఉండగా ఆయన ఇంట్లోకి వచ్చి, తన ఆటోకు కట్టుకునేటట్టే, ల్యాప్‌టాప్ మూలకు ఒక నిమ్మకాయ, రెండు పచ్చిమిరపకాయలు దారంతో కట్టాడు.

"ఇదేంది భాయ్?" అన్నాను.

"నజర్ తగిలింది అన్నా. నా ఆటోకు కట్టినంక ఒక్క బ్రేక్‌డౌన్ లేదు."

సరే అనుకున్నాను. చచ్చి పడివున్న మిషన్‌ను, నల్లటి తెరను ఫోటో తీసి, 'కస్టమర్ ఇంట్లో ఆన్ కావడం లేదని స్వయంగా చూశాను' అని రాసి కంపెనీకి పంపాను. ఆ నిమ్మకాయ ఫోటోలో పడిందన్న ధ్యాసే నాకు లేదు.

జవాబు వెంటనే వచ్చింది. ఫోటోలో నిమ్మజాతి పండు కనిపిస్తున్నదనీ, ద్రవపదార్థాల వల్ల కలిగే నష్టానికి వారంటీ వర్తించదనీ, ఫిర్యాదును మూసివేస్తున్నామనీ.

మా కౌంటర్ ఆవిడ ఆ జవాబును రెండుసార్లు చదివింది. నీళ్ళు తాగింది. ఫోన్ తీసింది.

"సార్, నమస్కారం సార్. నిమ్మకాయ గురించి మాట్లాడాల సార్."

అవతల ఏదో అన్నారు.

"సార్, దాన్ని ఎవరూ పిండలేదు సార్. అది ఏలాడతాంది సార్."

మళ్ళీ ఏదో అన్నారు.

"మా పక్క లారీలకు, ఆటోలకు, అంగళ్ళకు అన్నిటికీ కడతారు సార్. వాటికి గూడా వారంటీలు ఉంటాయి సార్. అవన్నీ రద్దు అవుతాయా సార్?"

ఆ పూట ఆ ఫోన్‌లో ముగ్గురు మనుషులు మారారు. మూడో మనిషి లొంగి, ఒక షరతు పెట్టాడు. ఆ పండు మిషన్ లోపల లేదని ఇంజనీరు సంతకంతో ధ్రువపత్రం కావాలన్నాడు. అంత సర్వీసులో నేను ఎన్నో కాగితాల మీద సంతకాలు పెట్టాను. ఏదీ జ్ఞాపకం లేదు. 'నిమ్మకాయ ల్యాప్‌టాప్ బయటే ఉంది, లోపల లేదు అని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను' అన్నది మాత్రం మరిచిపోలేను. మా యజమాని దానిమీద సెంటర్ ముద్ర వేస్తూ, "మిరపకాయల సంగతి గూడ రాయప్పా, మల్ల అడుగుతారు" అన్నాడు. రాశాను.

ఆ కాగితం పనిచేసింది. ఇన్ని భాగాలు మార్చినా తీరని ఫిర్యాదు గనక బదులుగా కొత్త ల్యాప్‌టాప్ ఇస్తున్నామనీ, తమ మనిషే స్వయంగా తెస్తాడనీ కంపెనీ రాసింది. మేం ఆఫీసులో మైసూర్‌పాక్ పంచుకున్నాం.

కంపెనీ మనిషి హైదరాబాదు రైల్లో ఆదోనిలో దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో సీలు వేసిన పెట్టె. ఆపా భర్త ఆటోలో ముగ్గురం ఎమ్మిగనూరు బయలుదేరాం. దారి పొడుగునా ఆయన పెట్టెను ఛాతీకి హత్తుకుని కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా తాను ఎగిరిపడ్డాడు గానీ పెట్టెను కదలనివ్వలేదు.

అరుగు మీద హొళగుంద పెద్దాయన ఉన్నాడు. ఆ రోజు లోపలికి వచ్చి కూర్చున్నాడు. లగ్నం దగ్గరపడింది, కార్డు తీసుకోకుండా కదిలేది లేదన్నాడు.

కంపెనీ మనిషి ఫోన్‌లో వీడియో తీస్తూ సీలు విప్పాడు. కొత్త ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి, టేబుల్ మీద, ఆ గుడ్డ పరిచిన ఎత్తు మీద పెట్టి, "మేడమ్, మీ చేత్తో ఆన్ చేయండి" అన్నాడు.

ఆపా బిస్మిల్లా అని నొక్కింది.

రాలేదు.

మళ్ళీ నొక్కింది. ఆయన నొక్కాడు. నేను నొక్కాను. ఆయన వీడియో ఆపేశాడు. "సార్, ఇది నిన్న ఆఫీసులో చూశాం సార్, బాగుంది" అన్నాడు మెల్లగా. ఆ మాట ఆపా నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కంపెనీ నోట వినడం అప్పుడే.

"ఇప్పుడు దీనికి బదులు ఇంగొకటి తెస్తావా నాయనా?" అంది ఆపా. ఎగతాళి కాదు, పాపం, నిజంగానే అడిగింది.

అంతసేపూ పెద్దాయన ఏమీ తోచక గది చూస్తున్నాడు. గుడ్డ అంచు కింద బంగారు రంగు ఏదో మెరుస్తుంటే వంగి లాగాడు. ల్యాప్‌టాప్‌కు సరిగ్గా అడుగున ఉన్న అట్టపెట్టె. ఖరీదైన పెళ్ళికార్డు నమూనా. లోపల కార్డుతోపాటు బాదంపప్పు, ఎండుద్రాక్ష పెట్టుకునే అరలు, టప్పుమని దానంతట అదే అతుక్కునే మూత.

"ఏమ్మా, ఇసుంటిది నా కొడుక్కు ఎందుకు సూపీలేదు?" అన్నాడాయన.

ఆయన ఆ మాట అంటుండగా టేబుల్ మీద కొత్త ల్యాప్‌టాప్ వెలిగింది.

ఆయన మూత తెరిచి, మూసి, ముచ్చట తీరాక పెట్టెను ఎక్కడిదక్కడ తోశాడు. తెర నల్లబడింది.

"పెద్దాయనా," అన్నాను, "ఇంగొకసారి లాగు."

లాగాడు. వెలిగింది.

మూతలో అయస్కాంతం. ల్యాప్‌టాప్‌ను మడిచి మూసినప్పుడు తెర ఆగిపోవాలి గదా, అందుకని మూత మూసిన సంగతి కనిపెట్టే చిన్న ముక్క ఒకటి లోపల ఉంటుంది. అది పసిగట్టేది కూడా తెరలోని చిన్న అయస్కాంతాన్నే. కింద ఉన్న పెళ్ళిపెట్టెల అయస్కాంతం తగిలితే, ల్యాప్‌టాప్ తనను మూసేశారనుకుని నిద్రపోతుంది. కొత్త నమూనా పెట్టెలు వచ్చిన వారంలోనే ఆపాకు మెడనొప్పి వచ్చింది, వాటిని ఎత్తుకు పెట్టుకుని, మాసిపోకుండా గుడ్డ కప్పింది. అంతే. మదర్‌బోర్డు మార్చిన చేతులు నావి. ఒక్కసారి గుడ్డ ఎత్తి చూడలేదు.

ఆపా నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక కింద కూర్చుంది. ఆమె భర్త కూడా నవ్వాడు. నవ్వి, పాత ల్యాప్‌టాప్‌కు కట్టిన నిమ్మకాయను విప్పి జేబులో వేసుకున్నాడు.

కంపెనీ మనిషి మాత్రం నవ్వలేదు. పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. పాతదానిలో లోపం లేదు, కొత్తది వెనక్కు తెస్తానన్నాడు. ఆపా కూడా ఫోన్ తీసుకుని, "నాది నాకు చాలు నాయనా, కొత్తది వద్దు" అంది. అవతలివాళ్ళు ఒప్పుకోలేదు. బదులు ఇవ్వడం పూర్తయినట్టు సిస్టమ్‌లో పడిపోయిందట. రద్దు చేయాలంటే కారణం ఎంచుకోవాలి. కారణాల వరుసలో నీళ్ళు ఉన్నాయి, నిప్పు ఉంది, ఎలుకలు కూడా ఉన్నాయి. పెళ్ళిపెట్టె లేదు. ఇక పాత మిషన్ వాళ్ళ లెక్కలో తుక్కు. తుక్కును కస్టమర్ దగ్గర పనిచేసే స్థితిలో వదలకూడదు. వెనక్కు మోసుకుపోవడం దండగ. సర్వీస్ ఇంజనీరు అక్కడికక్కడే బోర్డుకు బెజ్జం వేసి ఫోటో పంపాలి.

సర్వీస్ ఇంజనీరు అంటే నేను.

"ఆగండి" అంది ఆపా. నవ్వు పోయింది. "పెద్దాయన కార్డు దాంట్లోనే ఉంది. మూడు భాషల ఫాంట్లన్నీ దాంట్లోనే ఉన్నాయి."

కంపెనీ మనిషి గడియారం చూసుకున్నాడు, రైలుకు వేళవుతోంది. తరువాత ఆపా మొహం చూశాడు. మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకుని, "కానివ్వండి మేడమ్, నాకు ఇంకో రైలుంది" అన్నాడు. ఆ మాటతో కంపెనీ అనేదానికి ఒక మొహం ఉందని మొదటిసారి అనిపించింది నాకు.

ఆపా పాతదాన్ని ఒట్టి టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంది. పెద్దాయన పక్కన నిలబడి వియ్యంకుల పేర్లు కన్నడంలో ఒక్కొక్కటే పలికాడు. 'విందు' దగ్గర ఆమె ఆగి, అక్షరం అక్షరం వేలు పెట్టి చదివి, మా అందరి చేతా చదివించింది. కంపెనీ మనిషి చేత కూడా. ఫైళ్ళన్నీ కొత్తదానిలోకి ఎక్కించాక, పాతదాన్ని మూసి నా చేతికి ఇచ్చింది.

"ఆ పని నా ఇంట్లో వద్దన్నా. బయటికి తీస్కపో."

అరుగు మీద కూర్చుని విప్పాను. లోపల నేను వేసిన కొత్త బోర్డు, కొత్త బ్యాటరీ. అద్దంలా ఉంది. పెద్దాయన చూడలేక మొహం తిప్పుకుని, "పనిచేసే ఎద్దును కటికోనికి ఇచ్చినట్ల ఉందప్పా" అన్నాడు. డ్రిల్లు ఆన్ చేశాను. ఒకప్పుడు రేడియోలో ఒక్క తీగ తెగకుండా కాపాడాలని ఊపిరి బిగబట్టిన చేతులు నావి. ఆ బెజ్జం వేసేటప్పుడు కూడా ఊపిరి బిగబట్టాను. ఎందుకో నాకే తెలియదు. కంపెనీ మనిషి ఫోటో తీసి, అది బాగా వచ్చిందా అని కూడా చూసుకోలేదు.

ఇక్కడితో అయిపోయి ఉంటే మీకు ఇంత చెప్పేవాణ్ణి కాదు.

కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళు ఆపాకు ఫోన్ చేశారు. "మేడమ్, మీ సమస్య తీరిందా? అవును, కాదు, ఏదో ఒకటి చెప్పండి."

"సమస్యే లేదు కదప్పా. మొదటినుంచీ లేదు."

"అవునా, కాదా మేడమ్?"

"లేని సమస్య తీరిందని యాడ సెప్పేది? అబద్ధం అవుతుంది."

కాదు అని రాసుకున్నారు. ఫిర్యాదు మళ్ళీ తెరుచుకుంది, పాత మిషన్ నంబరు మీద, నా పేరుతో. నెలకోసారి కస్టమర్ ఇంటికి వెళ్ళి, మిషన్ స్థితి చూసి రాయాలని ఆదేశం. వెళ్ళేవాణ్ణి. బెజ్జం పడ్డ ల్యాప్‌టాప్‌ను పారేయడానికి మనసొప్పక ఆపా గూట్లో పెట్టింది. దాన్ని కిందికి దించేది. బటన్ నొక్కేవాణ్ణి. 'మిషన్ ఆన్ కావడం లేదు' అని రాసేవాణ్ణి. నిమ్మకాయ కాగితం తప్పిస్తే, అంతకాలం మేం రాసినవాటిలో అక్షరాలా నిజం అదొక్కటే. అది చదివి కంపెనీ మరోసారి బదులు మిషన్ ఇవ్వజూపింది. "వద్దన్నా, మల్ల నీ చేత బొక్క ఏపిస్తారు" అని ఆపా ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదు గనక ఫిర్యాదు మూతపడలేదు.

కళ్ళు సన్నని స్క్రూలను పట్టుకోలేకపోతున్నాయని నేను మానేసిన రోజున, పెండింగ్ ఏమైనా ఉందా అని మా కౌంటర్ ఆవిడ చూసింది. అదొక్కటే ఉంది. నా తరువాత వచ్చిన కుర్రవాడి పేరుకు మార్చింది. అతను కంగారుగా నా దగ్గరికి వచ్చి, "సార్, ఎమ్మిగనూరు కేసు, ఏమేమి సామాన్లు పట్టుకపోవాల?" అని అడిగాడు.

"ఏమీ వద్దు నాయనా" అన్నాను. "పోయేముందు ఒక ఫోన్ చెయ్యి. ఆపా చాయ్‌కి పాలు తెప్పిస్తుంది."